నా బేస్ ఎవరికైనా వినపడుతోందా?

ప్రశ్న: ఏళ్ల తరబడి సరదాగా గిటార్ వాయిస్తున్నాను. ఈమధ్య స్నేహితులం ఐదుగురం కలిసి ఒక బ్యాండ్ పెట్టుకున్నాం. అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే, సెలవు రోజుల్లో కలుస్తాం. సొంత పాటలు లేవు, జనానికి తెలిసిన పాటలే వాయిస్తాం. లీడ్‌కి నాకంటే బాగా వాయించేవాడు ఉన్నాడు, రిథమ్‌కి ఇంకొకడు ఉన్నాడు. బేస్ గిటార్‌కి ఎవరూ లేక నన్ను నిలబెట్టారు. ఇంట్లో వాయించుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది. రిహార్సల్‌కి వెళ్తే నాది నాకే వినపడదు. వాల్యూమ్ పెంచితే గదంతా గుంయ్‌మంటోందని అందరూ అరుస్తారు. డ్రమ్మర్‌కీ నాకూ కుదరడం లేదు. నువ్వు పరిగెడుతున్నావంటే కాదు నువ్వేనని వాదించుకుంటున్నాం. పాడే అమ్మాయి ఆఖరి నిమిషంలో స్కేల్ మారుస్తుంది. మొన్న ఒక పాటలో బేస్ లైన్ కష్టపడి ఉన్నదున్నట్టు నేర్చుకుని వెళ్తే మా లీడ్ గిటారిస్టు "ఎందుకురా అంత కష్టం, కింద ఏదో ఒకటి కొడుతూ ఉండు, ఎవరికీ వినపడదు" అన్నాడు. ఆరు వారాల్లో మా మొదటి ప్రోగ్రాం, పదిహేను పాటలు. తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. ఐదు తీగల బేస్ కొంటే ఏమైనా మెరుగవుతుందా? లేక మళ్లీ గిటార్‌కే వెళ్లిపోవడం మంచిదా? (పేరు వేయవద్దు.)

జవాబు: వెళ్లిపోకండి. కనీసం ఈ ప్రోగ్రాం అయ్యేవరకూ ఆ ఆలోచన పక్కన పెట్టండి. మీరు రాసిన ఇబ్బందుల్లో ఒక్కటి కూడా మీకు చేతకాక వచ్చింది కాదు. గిటార్ వాయించిన చేతులతో, గిటార్‌కి అలవాటుపడిన చెవులతో బేస్ పట్టుకున్నవాళ్లకు మొదట్లో ఎదురయ్యేవే ఇవన్నీ. గిటార్‌లో లావు తీగలు నాలుగింటికి ఏ పేర్లున్నాయో బేస్ తీగలకూ అవే పేర్లు: ఇ, ఎ, డి, జి. కాకపోతే ఒక స్థాయి (ఆక్టేవ్) కింద పలుకుతాయి. దాంతో ఇది నాలుగు తీగల గిటారే కదా అనిపిస్తుంది. ఎడమచేతికి సంబంధించినంతవరకు అది కొంత నిజం కూడా. బ్యాండ్‌లో దాని పని మాత్రం పూర్తిగా వేరు.

ముందు "ఎవరికీ వినపడదు" అన్న మాట సంగతి చూద్దాం. వాదన పెట్టుకోవద్దు. వచ్చే రిహార్సల్‌లో అందరూ సర్దుకునే ముందు మీ లీడ్ గిటారిస్టుని సి మేజర్ కార్డ్ పట్టుకుని నెమ్మదిగా మీటుతూ ఉండమనండి. అందులో ఉన్నవి సి, ఇ, జి, మూడే స్వరాలు. మీరు కింద సి వాయించండి. ఇల్లు చేరినట్టు నిలకడగా ఉంటుంది. అతన్ని వేళ్లు కదపవద్దని చెప్పి, మీరు ఎ స్వరానికి వెళ్లండి. ఒక్కసారిగా గదిలో దిగులు కమ్ముకుంటుంది. ఎందుకంటే ఇప్పుడు అందరి చెవిలో పడుతున్నది సి మేజర్ కాదు, ఎ మైనర్ సెవెంత్. తర్వాత ఎఫ్‌కి వెళ్లండి, ఆ మూడు స్వరాలే ఎక్కడో గాలిలో తేలుతున్నట్టు వినిపిస్తాయి. ఇ వాయిస్తే అదే సి మేజర్, కానీ ఇంకా ఎటో వెళ్లాలన్నట్టు ఆత్రంగా ఉంటుంది. ఇంతసేపూ అతని చెయ్యి కదల్లేదు. అతను ఏ కార్డ్ వాయిస్తున్నాడో మీరు తేల్చారు. వినేవాళ్లు "బేస్ బాగుంది" అనకపోవచ్చు. పాట దిగులుగా ఉందనో, హుషారుగా ఉందనో అంటారు. ఆ అనిపించడంలో సగం మీ చేతిలోనిదే. ఈ పాటి ప్రయోగం చూశాక ఏ గిటారిస్టూ "కింద ఏదో ఒకటి కొట్టు" అనడు.

పేరు రాకపోవడం గురించి కూడా ఒక మాట. అమెరికాలోని డెట్రాయిట్ నుంచి మోటౌన్ సంస్థ 1960లలో విడుదల చేసిన హిట్ పాటల్లో చాలావాటికి బేస్ వాయించింది జేమ్స్ జేమర్సన్. ఆ రోజుల్లో ఆ రికార్డుల మీద వాద్యకారుల పేర్లు మామూలుగా వేసేవారు కాదు. ఆ పాటలకు చిందులేసిన లక్షల మందికి ఆయన ఎవరో తెలియదు. ఆయన 1983లో పోయారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2000లో. ఈరోజు బేస్ నేర్చుకునే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఆయన వాయించిన లైన్ల దగ్గరికి వస్తారు. ఎవరూ లేక బేస్‌కి నిలబెట్టారని మీరు కాస్త చిన్నబుచ్చుకున్నట్టు అనిపించింది కాబట్టి ఇది కూడా చెబుతాను. బీటిల్స్‌లో బేస్ వాయించే స్టువర్ట్ సట్‌క్లిఫ్ 1961లో తప్పుకుంటే, అంతవరకు గిటార్ వాయిస్తున్న పాల్ మెకార్ట్‌నీ ఆ పని తలకెత్తుకున్నారు. స్టూడియో రికార్డింగుల్లో వాయించే సెషన్ గిటారిస్టుగా ఉన్న క్యారల్ కే ఒకరోజు రావలసిన బేసిస్టు రాకపోతే ఆ స్థానంలో కూర్చుని, ఆ తర్వాత అమెరికన్ స్టూడియోల్లో అందరికంటే ఎక్కువ పని ఉన్న బేసిస్టుల్లో ఒకరయ్యారు. అవసరం కొద్దీ బేస్ పట్టుకోవడం ఈ వాద్యంలో మామూలు విషయం.

ఇక మీ డ్రమ్మర్ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో మీ ఉత్తరంలో అసలు సమస్య ఇదే. ఇది తేలితే మిగతావి సగం వాటంతటవే తేలిపోతాయి. ఎవరు పరిగెడుతున్నారన్న గొడవకి ఫోన్ చాలు. పాట మొత్తం రికార్డు చేసి, మొదటి చరణం దగ్గర టెంపో ఎంత ఉందో, చివరి పల్లవి దగ్గర ఎంత ఉందో బీట్‌కి తగ్గట్టు వేలితో తట్టి లెక్కగట్టే యాప్‌లో చూడండి. చాలా బ్యాండ్లలో టెంపో పెరిగేది రెండు చోట్ల. ఒకటి, డ్రమ్మర్ ఫిల్ (బీట్ మధ్యలో చిన్న విన్యాసం) వేసి పల్లవిలోకి దిగేటప్పుడు. రెండు, పాట గట్టిపడ్డప్పుడు అందరికీ ఊపు వచ్చి. ఇందులో ఒకరి తప్పంటూ ఉండదు. ఎక్కడ జరుగుతోందో తెలిస్తే ఆ రెండు మూడు చోట్ల ఇద్దరూ ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు.

అయితే మీకు కుదరకపోవడానికి టెంపో ఒక్కటే కారణమని నేను అనుకోవడం లేదు. ఒక పూట మిగతా ముగ్గురూ లేకుండా మీరిద్దరే కూర్చోండి. డ్రమ్మర్‌ని కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్), హై హ్యాట్ (జంట తాళాలు) తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దనండి. నాలుగు బీట్ల లెక్కలో ఒకటి, మూడు అంకెల మీద కిక్. రెండు, నాలుగు మీద స్నేర్. ఇంతకంటే సాదా బీట్ ఉండదు. మీరు ఒక్క స్వరమే వాయించండి. కిక్ పడినప్పుడు మాత్రమే మీటండి. రెండూ సరిగ్గా కలిస్తే కిక్ చప్పుడు విడిగా వినపడదు, దానికే ఒక స్వరం వచ్చినట్టు ఉంటుంది. కలవకపోతే వెంటవెంటనే రెండు దెబ్బలు వినిపిస్తాయి. ఆ తేడా చెవికి పట్టేదాకా, ఎంతసేపయినా సరే, ఇంకేమీ చెయ్యకండి.

అది కుదిరాక రెండో మెట్టు. ఒకటి మీద మీటిన స్వరాన్ని స్నేర్ పడే క్షణం వరకు పట్టుకుని, సరిగ్గా స్నేర్ పడగానే ఆపేయండి. నిమిషానికి 120 బీట్ల టెంపో అయితే మీ స్వరం వయసు అర సెకను. తర్వాత అదే స్వరాన్ని ఆపకుండా స్నేర్ మీదుగా మోగనివ్వండి. రెండూ మార్చి మార్చి వాయించి వినండి. ఆపినప్పుడు స్నేర్ టపీమని పేలుతుంది, కాళ్లు కదులుతాయి. ఆపకపోతే అదే స్నేర్ పరుపు కింద పడినట్టు మెత్తబడుతుంది. డ్రమ్మర్ అంతకంటే గట్టిగా కొట్టలేదు, మీరు దారి ఇచ్చారు అంతే. స్వరం ఎక్కడ మొదలుపెట్టాలన్నది అందరూ సాధన చేస్తారు. ఎక్కడ ఆపాలన్నది బేసిస్టు విడిగా సాధన చెయ్యాల్సిన విద్య. ఏ పాట తీసుకున్నా "ఇక్కడ పొట్టి స్వరమా, పొడుగు స్వరమా" అని అడుగుతూ వినండి. నెమ్మదైన పాటల్లో స్వరాలు ఒకదానికొకటి అంటుకుని సాగుతాయి. చిందు పాటల్లో చాలావరకు తెగుతాయి. అవే స్వరాలు వాయించినా ఒక బ్యాండ్ బిగువుగా, ఇంకొకటి వదులుగా వినిపించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

ఆపడం ఎలాగంటే, ఎడమచేతి వేలిని తీగ మీద నుంచి పూర్తిగా ఎత్తకుండా ఒత్తిడి మాత్రం సడలించాలి. వేలు తీగను తాకుతూనే ఉంటుంది, శబ్దం ఆగిపోతుంది. ఏ ఫ్రెట్టూ (మెడ మీది అడ్డు కడ్డీల గడి) నొక్కకుండా వాయించిన తీగనైతే ఎడమ అరచేతితోనో కుడిచేతి వేళ్లతోనో తాకి ఆపాలి. బేస్ లావు తీగ ఒకసారి మీటితే చాలాసేపు మోగుతుంది. పక్క తీగలు ముట్టుకోకపోయినా వాటంతటవే కంపిస్తాయి. మీవాళ్లు గుంయ్‌మంటోందని అరుస్తున్న దాంట్లో కొంత భాగం ఈ అనవసరపు మోతే అయ్యుండాలి. ఎ తీగ వాయిస్తున్నప్పుడు కుడి బొటనవేలిని ఇ తీగ మీద ఆనించండి. డి, జి తీగలకు వెళ్లినప్పుడు బొటనవేలు కూడా ఎ తీగ మీదికి జరగాలి, దాని అంచు ఇ తీగని తాకుతూ ఉండాలి. రెండు వారాల్లో అలవాటైపోతుంది. వేళ్లతో వాయించాలా, పిక్‌తోనా అని తలపట్టుకోవద్దు. జేమర్సన్ కుడి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవారు, క్యారల్ కే పిక్ వాడేవారు. ఏది మీకు సమంగా పలికితే అది వాడండి.

మిగతా గుంయ్ సంగతి ఆంప్‌లో (ఆంప్లిఫయర్‌లో) ఉంది. ఇంట్లో ఒక్కరే వాయించుకునేటప్పుడు బేస్ నాబ్ (కింది స్వరాలది) బాగా పెంచి, మిడ్ (మధ్య స్వరాలది) తగ్గిస్తే గుండెలదాకా తగిలి మహా బాగుంటుంది. మీరూ అలాగే పెట్టుకుని ఉంటారు. ఆ సెట్టింగ్‌తోనే రిహార్సల్‌కి వెళ్తే మాయమైపోతారు. కారణం వినండి. మీ ఇ తీగ కంపించేది సెకనుకు 41 సార్లు, ఎ తీగ 55 సార్లు. ఆ అడుగు భాగంలో కిక్ డ్రమ్ కూడా ఉంటుంది, రెండూ కలిసి ఒక ముద్ద అయిపోతాయి. గది మూలలు ఆ ముద్దని ఇంకా పెంచుతాయి. మనిషి చెవి "ఇదిగో ఫలానా స్వరం" అని గుర్తుపట్టేది ఎక్కువగా దాని పైన ఉండే 82, 123, 164 లాంటి ఉపస్వరాల వల్ల. చిన్న ఫోన్ స్పీకర్ 41ని అసలు పలికించలేదు. అయినా ఫోన్‌లో పాట వింటుంటే బేస్ లైన్ తెలుస్తూనే ఉంటుంది. పైన వినపడిన వాటిని బట్టి అడుగున లేనిదాన్ని మెదడు పూరించుకుంటుంది. కాబట్టి బ్యాండ్‌లో వినపడాలంటే పెంచవలసింది వాల్యూమ్ కాదు, మిడ్. బేస్ నాబ్ మధ్యలోకి తెండి, అవసరమైతే ఇంకాస్త తగ్గించండి. మిడ్ పెంచండి. ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడినట్టు మొరటుగా ఉంటుంది, పట్టించుకోకండి. బేస్ టోన్‌ని అందరూ కలిసి వాయిస్తున్నప్పుడే సరిచూడాలి, ఒంటరిగా కాదు.

ఆంప్‌ని గది మూల నుంచి బయటికి లాగండి. నేల మీద మీ పిక్కల వెనక ఉంటే శబ్దం మీ కాళ్లకు తగులుతుంది, చెవికి కాదు. కుర్చీ మీద పెట్టండి, లేదా మీ ముఖం వైపు వంచండి. గిటారిస్టులిద్దరినీ వాళ్ల ఆంప్‌లలో బేస్ నాబ్ తగ్గించమని అడగండి. బ్యాండ్‌లో మీరు ఉండగా గిటార్‌కి ఆ అడుగు అవసరం లేదు, ఒంటరిగా వాయించిన రోజుల అలవాటు కొద్దీ పెట్టుకుంటారు. ఇంకో సంగతి. తక్కువ స్వరాలను చెవి అంత తేలిగ్గా పట్టుకోదు కాబట్టి బేస్‌కి గిటార్ కంటే ఎక్కువ వాట్లు కావాలి. ఇంట్లో వాడుకునే పదిహేను వాట్ల ఆంప్ నిజం డ్రమ్స్ పక్కన నిలబడదు. అలాగని గిటార్ ఆంప్‌లో బేస్ పెట్టి గట్టిగా పెంచకండి, స్పీకర్ పాడవుతుంది. ప్రోగ్రాం రోజు సౌండ్ వాళ్ల దగ్గర డిఐ బాక్స్ ఉందో లేదో ముందే కనుక్కోండి. దాని ద్వారా మీ బేస్ నేరుగా మిక్సర్‌లోకి వెళ్తుంది. జనానికి వినిపించే బాధ్యత పెద్ద స్పీకర్లది అవుతుంది, మీ ఆంప్ మీకు వినపడితే చాలు.

అందరూ ఒకరి తర్వాత ఒకరు వాల్యూమ్ పెంచుకుంటూ పోయే రిహార్సల్ గదుల గురించి నాకు నిజంగా బెంగగా ఉంటుంది. అమెరికాలో పనిచేసే చోట్ల ఆరోగ్యాన్ని చూసే సంస్థ నియోష్ చెప్పే పరిమితి రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్. మోత పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమైపోతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర సురక్షితంగా ఉండగలిగేది పదిహేను నిమిషాలే. చిన్న గదిలో డ్రమ్స్, రెండు గిటార్లు ఆ మోతకు చేరడం పెద్ద విషయం కాదు. ఇంటికి వెళ్లాక చెవుల్లో కీచుమని మోగుతుంటే పరిమితి దాటారని అర్థం. ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి. మామూలు ఫోమ్ ప్లగ్స్ డ్రమ్స్ తాళాల (సింబల్స్) కీచుదనాన్ని ఎక్కువగా, కింది స్వరాలను తక్కువగా ఆపుతాయి. కాబట్టి మీ బేస్ మీకు ఇంకా బాగా వినపడుతుంది కూడా.

ఇప్పుడు పదిహేను పాటలు, ఆరు వారాలు. అన్నిటినీ అచ్చుగుద్దినట్టు నేర్చుకోవాలని కూర్చుంటే ఏదీ కాదు. పాటలను రెండుగా విడదీయండి. కొన్ని పాటలకు బేస్ లైనే ముఖం. ఆ నాలుగు స్వరాలు మొదలవగానే జనం గుర్తుపట్టి కేకలేస్తారు. మీ పదిహేనింటిలో అలాంటివి రెండో మూడో ఉంటాయి. అవి మాత్రం స్వరం పొల్లుపోకుండా నేర్చుకోండి, ఎవరేమన్నా తగ్గించవద్దు. మిగతావాటికి కార్డ్ మూల స్వరం, కిక్‌తో కలిసే లయ, ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి దారి చూపే ఒకటి రెండు స్వరాలు చాలు. మీరు కష్టపడి నేర్చుకున్న ఆ లైన్ ఈ రెంటిలో ఏ రకమో నాకు తెలియదు. ఇలా తేల్చుకోండి. ఆ అమ్మాయి పాడుతుండగా ఆ లైన్ వాయించి రికార్డు చేయండి, బేస్ బాగా వినపడాలి కాబట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మాటలు స్పష్టంగా చెవిలో పడుతుంటే లైన్ ఉంచేయండి. మాటల మీద ఎక్కి తొక్కుతున్నట్టుంటే మొదటి చరణంలో మూల స్వరాలతో సరిపెట్టి, ఆమె ఊపిరి తీసుకునే ఖాళీల్లోనూ ఇంటర్‌లూడ్‌లోనూ ఆ లైన్ బయటికి తీయండి. నేర్చుకున్న శ్రమ వృథా కాదు, ఎక్కడ వాడాలో తెలిసింది.

నేర్చుకునేటప్పుడు టాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో రాసి ఉండేది) చూసి వేళ్లు కదపడం కంటే విని పట్టుకోవడం మంచిది, టాబ్‌లో స్వరం ఎంతసేపు ఉండాలో చాలాసార్లు ఉండదు. శ్రుతి మారకుండా వేగం తగ్గించే యాప్‌లు ఉన్నాయి, ముప్పాతిక వేగంలో వినండి. బేస్ సరిగా తెలియకపోతే పాటను మొత్తం ఒక స్థాయి పైకి జరిపి వినండి, దాగిన లైన్ గిటార్ లైన్‌లాగా బయటపడుతుంది. ఒక్కో పాటకు ఒక్కో కాగితం: ఇంట్రో నాలుగు బార్లు (ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కపెడితే ఒక బార్), చరణం ఎనిమిది, పల్లవి ఎనిమిది, ఎక్కడ ఆగుతాం, ఎక్కడ రెండుసార్లు. ఆ కాగితం మీద కార్డ్‌లను అక్షరాల్లో కాకుండా, వాటి మూల స్వరం స్కేల్‌లో ఎన్నోదో ఆ అంకెల్లో రాయండి. జి స్కేల్‌లో జి, ఇ మైనర్, సి, డి అని రాసే బదులు 1, 6, 4, 5 అని రాయండి.

ఎందుకంటే ఆఖరి నిమిషంలో స్కేల్ మార్చినప్పుడు ఆ అంకెలు మారవు. ఇక్కడ బేస్ మీకు గిటార్ ఇవ్వని వరం ఒకటి ఇస్తుంది. గిటార్‌లో జి, బి తీగల మధ్య దూరం మిగతావాటి కంటే వేరు, అందుకే అక్కడ ఆకారాలు విరుగుతాయి. బేస్‌లో ఏ రెండు పక్క తీగలు తీసుకున్నా మధ్య దూరం ఒకటే. ఖాళీ తీగలు వాడకుండా ఒక లైన్ నేర్చుకుంటే, స్కేల్ ఎంత మారితే చేతిని అన్ని ఫ్రెట్లు జరిపితే చాలు, వేళ్ల ఆకారం అదే. చిక్కు ఒక్క చోట వస్తుంది. ఇ స్కేల్ పాటను ఆమె డికి దించితే మీకు అడుగున ఆ డి లేదు. ఎ తీగ ఐదో ఫ్రెట్‌లో ఉన్న పై డి వాయించవచ్చు, పాట కాస్త తేలికపడుతుంది. లేదా ఇ తీగనే డికి దించుకోవచ్చు. అప్పుడు ఆ ఒక్క తీగ మీద స్వరాలన్నీ రెండేసి ఫ్రెట్లు పైకి వెళ్తాయి కాబట్టి ముందు ఇంట్లో సాధన చేయాలి. ఆ అమ్మాయి మీద కోపం మాత్రం పెట్టుకోకండి. మనకు తీగ బిగిస్తే సరిపోతుంది, ఆమెది గొంతు. ఒరిజినల్ పాడినవారి స్కేల్ ఆమెకు నప్పాలని లేదు. అడగవలసింది ఒక్కటే: ప్రోగ్రాంకి రెండు వారాల ముందు ప్రతి పాటకు స్కేల్ ఖాయం చేసి కాగితం మీద రాసుకుందాం, ఆ తర్వాత మార్పులు లేవు. ఇది మీరు అడిగితే గిటారిస్టులూ మీతో కలుస్తారు.

ఐదు తీగల బేస్ ఈ ఇబ్బందికి నిజంగానే మందు, ఆ అడుగు డి దొరుకుతుంది. కానీ ఇప్పుడు కొనకండి. ఇంతకాలం చెయ్యి అన్నిటికంటే పైన వెతుక్కున్నది ఇ తీగనే. అక్కడ బి వచ్చి కూర్చుంటే స్టేజి మీద కంగారులో తప్పు తీగ మీటుతారు. ఆ బి సెకనుకు 31 సార్లే కంపిస్తుంది, చిన్న ఆంప్‌లు దాన్ని స్వరంగా కాదు, ఉరుములా పలికిస్తాయి. ప్రోగ్రాం అయ్యాక తీరిగ్గా ఆలోచించండి. ఇప్పుడు డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తే వెడల్పాటి పట్టీ కొనండి. బేస్ బరువు సుమారు నాలుగు కిలోలు, పదిహేను పాటలు నిలబడి వాయించాలి. పట్టీ పొడవు, మీరు కూర్చున్నప్పుడు బేస్ ఎంత ఎత్తులో ఉంటుందో నిలబడ్డా అంతే ఎత్తులో ఉండేలా సర్దండి. లేకపోతే మణికట్టు వంగి నొప్పి మొదలవుతుంది. మామూలు బేస్‌లో మోగే తీగ పొడవు 34 అంగుళాలు. మొదటి ఫ్రెట్ల దగ్గర గిటార్‌లోలా ఫ్రెట్‌కో వేలు చాపకండి. చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలితో మూడు ఫ్రెట్లే పట్టుకుని చేతిని జరుపుకోండి.

స్టేజి మీద డ్రమ్మర్‌కి హై హ్యాట్ ఉన్న వైపు, అతని కాలు కనపడేలా నిలబడండి. తప్పులు వస్తాయి. అప్పుడు చేతులు ఆపొద్దు. గిటార్ రెండు బార్లు ఆగితే ఎవరికీ తెలియకపోవచ్చు, బేస్ ఆగితే కాలి కింద నేల జారినట్టు అందరికీ తెలుస్తుంది. దారి తప్పితే ఎడమచేతి వేళ్లన్నీ తీగల మీద తేలిగ్గా ఆనించి లయ మాత్రం టక్ టక్ మనిపిస్తూ ఉండండి. గిటారిస్టు ఏ కార్డ్‌లో ఉన్నాడో చూసుకుని అందులో దిగండి. తప్పు స్వరం పడితే చాలాసార్లు సరైనది ఒకే ఒక్క ఫ్రెట్ దూరంలో ఉంటుంది. తీగ నొక్కిన వేలిని అటు జార్చండి, కావాలని చేసినట్టే ఉంటుంది.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ కవర్ పాటలు వాయించే మొదటి ప్రోగ్రాంలో చాలామంది ఇక్కడే బోర్లా పడతారు. రికార్డుల్లో ఎన్నో పాటలకు ముగింపు ఉండదు, పల్లవి మళ్లీ మళ్లీ వస్తూ శబ్దం సన్నగిల్లిపోతుంది. స్టేజి మీద అలా చెయ్యలేరు. ముందే అనుకోకపోతే ఒకరు ఆగుతారు, ఒకరు ఇంకో రౌండ్ మొదలుపెడతారు. మీ పదిహేనింటిలో అలాంటివి ఏవో ఈ వారమే ఏరి పెట్టండి. ఒక్కోదానికి పల్లవి ఎన్నిసార్లు, ఆఖరి స్వరం ఎక్కడ, ఎవరు తల ఊపితే ఆగాలి అన్నది తేల్చుకోండి. ముగింపులు విడిగా, పాట మొత్తం వాయించకుండా, చివరి ఎనిమిది బార్లు మాత్రమే వాయించి ఐదుగురూ ఒకేసారి ఆగేదాకా సాధన చేయండి. ఆఖరి స్వరాన్ని డ్రమ్మర్ తాళాల మోత తగ్గేవరకు పట్టుకుని ఉంటారా, టక్కున తెంచుతారా అన్నది మీరిద్దరూ మాట్లాడుకోండి.